భారత స్త్రీలకు ఓటు హక్కు పోరాడకుండానే వచ్చిందా?

ప్రశ్న – పాతపుటలు

ఇంగ్లండులో స్త్రీలు ఓటు కోసం జైళ్లకు వెళ్లి, నిరాహార దీక్షలు చేసి, చివరికి 1928లో గాని పురుషులతో సమానమైన హక్కు పొందలేదు. మన దేశంలో మాత్రం 1950లో రాజ్యాంగం ఒక్కసారిగా అందరికీ ఓటిచ్చిందని చదువుకున్నాను. అయితే మద్రాసు శాసనమండలి 1921లోనే స్త్రీలకు ఓటిస్తూ తీర్మానించిందని ఇటీవల చదివాను. ఈ రెండూ ఎలా పొసగుతాయో, ఆనాటి ఓటు మన జిల్లాలలో ఎవరికి దక్కిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు – కృష్ణాతీరం

రెండూ నిజమేనండి. 1917 డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసుకు వచ్చినప్పుడు సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధి వర్గం ఆయనను కలిసి ఓటు హక్కు కోరింది. ఆ వర్గాన్ని కూడగట్టినది మార్గరెట్ కజిన్స్. ఆమె ఐర్లండులో ఇదే హక్కు కోసం జైలుకు వెళ్లి వచ్చిన మనిషి. తరువాత ఓటు అర్హతలను పరిశీలించిన సౌత్‌బరో కమిటీ స్త్రీలకు ఓటు తగదని తేల్చడంతో, 1919లో హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠాన్ లండను వెళ్లి అక్కడి పార్లమెంటు కమిటీ ఎదుట వాదించారు. అయినా ఆ ఏటి భారత ప్రభుత్వ చట్టం తాను నిర్ణయించక, భారాన్ని రాష్ట్రాల శాసనమండళ్లపై వేసి చేతులు దులుపుకుంది. దానివల్ల ప్రతి రాష్ట్రంలోనూ పోరాటం మళ్లీ మొదటికి వచ్చింది: మద్రాసు, బొంబాయి 1921లో అంగీకరించగా బెంగాలు 1925 వరకు, బీహారు–ఒరిస్సా 1929 వరకు ఆగాయి.

మద్రాసు రాష్ట్రంలో భాగమైన సర్కారు జిల్లాలకు, దత్తమండలాలకు కూడా ఆ తీర్మానం వర్తించింది. కాని ఓటుకు శిస్తు, పన్ను వంటి ఆస్తి అర్హతలుండేవి. సొంత పేరున భూమి ఉన్న స్త్రీలు ఎందరుంటారు? చట్టంలోని నిషేధం తొలగినా పట్టాలో పేరు లేని ఇల్లాలికి ఒరిగింది ఏమీ లేదు.

జవాబు – తెల్లకాగితం

పై వివరణకు ఒక మాట చేరుస్తాను. 1935 భారత ప్రభుత్వ చట్టం ఓటర్లను పెంచినప్పుడు, అర్హతగల పురుషుని భార్య లేదా వితంతువు అన్న హోదా మీదనే చాలామంది స్త్రీలకు ఓటు లభించింది. అఖిల భారత మహిళా సభ వంటి సంఘాలు దీన్ని ముందే వ్యతిరేకించి, పెళ్లితో ముడిపెట్టకుండా వయోజనులందరికీ ఓటివ్వాలని కోరాయి. వారు అడిగినది ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 326వ అధికరణం ద్వారా రాజ్యాంగంలో వచ్చింది. దానిని రాసిన రాజ్యాంగ సభలో మన దుర్గాబాయి కూడా సభ్యురాలు.

పాతపుటలు

ధన్యవాదాలండి. మరి తెలంగాణ సంగతి?

జవాబు – కృష్ణాతీరం

అది నైజాం రాజ్యం కనుక మద్రాసు తీర్మానం అక్కడికి చేరలేదు. వయోజన ఓటుతో తొలి సాధారణ ఎన్నికలు 1951–52లోనే జరిగాయి. ఆ ఎన్నికల జాబితాల తయారీలో దేశమంతటి ఎనిమిది కోట్ల స్త్రీ ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలవారు, సొంత పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించుకున్నారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆ నమోదులను అంగీకరించలేదు. పేరు చెప్పనివారిని జాబితాల నుంచి తొలగించారు. అప్పట్లో విమర్శలు వచ్చినా, ఆయన పట్టుదల సరైనదేనని నా అభిప్రాయం; భర్త పేరు మీద వచ్చే ఓటును స్త్రీల సంఘాలు అంతకు ముందే కాదన్నాయి కదా.