సైకాలజీ లెక్చరర్, కౌన్సెలర్ రెండు పనులూ ఒకరికే అంటున్నారు, చేరమంటారా?

బెజవాడ_సైకాలజీ

అందరికీ నమస్కారం అండి. ఈ ఏడాదే ఎమ్మెస్సీ సైకాలజీ అయిపోయింది, రెగ్యులర్‌లోనే చదివాను. డిగ్రీలో ఈ సబ్జెక్టు తీసుకున్నప్పటి నుంచీ ఇంట్లో ఒకటే మాట, దీనికి ఉద్యోగాలు ఎక్కడున్నాయి అని. ఇప్పుడేమో బీఈడీ చేసి డీఎస్సీ రాసుకో, నీ సైకాలజీ అక్కడా పనికొస్తుంది కదా అంటున్నారు. నాకు మాత్రం యూనివర్సిటీలో పాఠం చెప్పాలని, స్టూడెంట్స్ కౌన్సెలింగ్ చూడాలని గట్టిగా ఉంది.

మా దగ్గర్లోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి ఆఫర్ ఇచ్చారు. వారానికి 14 గంటలు క్లాసులు, అంటే బీటెక్ వాళ్లకి ఎలక్టివ్, బీఏ వాళ్లకి జనరల్ సైకాలజీ, ప్రాక్టికల్స్. మిగిలిన టైమంతా స్టూడెంట్ కౌన్సెలర్‌గా కూర్చోవాలట. నాకు నెట్ (లెక్చరర్ పోస్టులకి పెట్టే జాతీయ అర్హత పరీక్ష) ఇంకా రాలేదు. ఎమ్మెస్సీలో హాస్పిటల్ పోస్టింగ్ చేశాను గానీ అక్కడ ఎక్కువగా కేస్ హిస్టరీలు రాయడం, టెస్టులు పెట్టడమే, ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే కౌన్సెలింగ్ చేసింది లేదు. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు కూడా, నాకు టెన్షన్‌గా ఉంది అదే.

చేరొచ్చా? చేరితే ఈ రెండింట్లో దేన్ని గట్టిగా పట్టుకోవాలి? ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాఠాల_మాస్టారు

అమ్మా, నేను పాఠం చెప్పే వైపు నుంచి మాట్లాడతాను, కౌన్సెలింగ్ గురించి ఆ పని చేసేవాళ్లు చెబితేనే బాగుంటుంది.

ముందు నెట్ సంగతి చూసుకోండి, ఏ ఉద్యోగంలో ఉన్నా సరే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ గానీ, రాష్ట్రాల్లో పెట్టే సెట్ గానీ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని 2023 జులై నుంచి యూజీసీ (యూనివర్సిటీలని చూసే కేంద్ర సంస్థ) రూలు పెట్టింది. అయినా ఉన్న నాలుగు పోస్టులకి పీహెచ్‌డీ వాళ్లు కూడా వస్తారు కాబట్టి దాన్ని వదిలేయొద్దు. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగటివ్ మార్కులు లేవు. మనవాళ్లు థియరీలు బాగానే చదువుతారు, స్టాటిస్టిక్స్, సైకోమెట్రీ (మానసిక పరీక్షలు తయారుచేసి కొలిచే పద్ధతులు), మెదడు నిర్మాణం దగ్గర ఆగిపోతారు, అక్కడ కూర్చోండి. ఏపీ సెట్ ఆంధ్రా యూనివర్సిటీ, తెలంగాణ సెట్ ఉస్మానియా పెడతాయి, అయితే సెట్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. నెట్ అయితే దేశంలో ఎక్కడైనా.

పోస్టుల గురించి దాచేదేమీ లేదు, తక్కువే. ఆంధ్రా యూనివర్సిటీలో కె. రామకృష్ణారావు గారు 1967లో మొదలుపెట్టిన విభాగం, ఉస్మానియా, తిరుపతి ఎస్వీయూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ సెంటర్, ఇలా పేరున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెగ్యులర్ పోస్టు వస్తే మొదటి బేసిక్ 57,700, కానీ ఆ నోటిఫికేషన్ కోసం గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లు గడిపేసినవాళ్లు నాకు తెలుసు. మధ్యలో సైకాలజీ చదివినవాళ్లకి బువ్వ పెడుతున్నది నర్సింగ్ కాలేజీల్లో ఒక పేపరు, ఇంకా టెట్ కోచింగ్. టెట్‌లో 150కి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే కాబట్టి అవనిగడ్డ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సైకాలజీ ఫ్యాకల్టీకి గిరాకీ ఉంది. మర్యాదైన పనే, కాకపోతే అక్కడ పియాజే చెప్పిన పిల్లల ఆలోచన ఎదిగే దశలు బిట్లుగా చెప్పి చెప్పి సబ్జెక్టు మీద ఇష్టం చచ్చిపోయే ప్రమాదం ఉంది.

నేను ఇన్నేళ్లుగా ఇందులోనే ఉన్నది ల్యాబ్ వల్ల. కంటిని మోసం చేసే ముల్లర్ లయర్ బోర్డు మీకు తెలుసు కదా, ఒక గీతకి బాణం మొనలు లోపలికి, ఇంకో గీతకి బయటికి, రెండూ సమానం అనిపించేదాకా పట్టీ జరపమంటాం. పిల్లాడు చాలా జాగ్రత్తగా జరిపి "అయిపోయింది సార్, కరెక్టుగా పెట్టాను" అంటాడు. బోర్డు తిప్పి వెనకున్న స్కేలు చూపిస్తాం, మిల్లీమీటర్లలో తేడా కనబడుతుంది. తేడా ఉందని తెలిశాక మళ్లీ చేయమన్నా మళ్లీ అలాగే పెడతాడు. తెలిసినంత మాత్రాన కన్ను మారదని వాడికి వాడే కనుక్కున్న ఆ క్షణంలో క్లాసంతా బోర్డు చుట్టూ మూగుతుంది. పాఠం చెప్పడంలో ఆ సంతోషం మీకూ ఉంటే ఈ లైన్ వదలొద్దు.

ఇంకొక్క మాట. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి నేరుగా చెప్పాల్సినవి 16 గంటలు. మీకు 14 ఇచ్చారంటే టీచరు ఉద్యోగం దాదాపు పూర్తిగా ఇచ్చేసినట్టే. దాని మీద కౌన్సెలర్ పని అంటే ఒక జీతానికి రెండు ఉద్యోగాలు.

నాలుగో_బ్లాక్_గది

నేను యూనివర్సిటీ కౌన్సెలర్‌ని, అంతకుముందు కొన్నాళ్లు మీకు ఇచ్చినట్టే రెండు పనులూ కలిపి చేశాను. మాస్టారు గారు చెప్పిన పని భారం నిజమే, కానీ దానికంటే పెద్ద చిక్కు ఒకటుంది. మీరు ఎవరి పేపర్లు దిద్దుతారో వాళ్లకి మీరు కౌన్సెలర్‌గా ఉండకూడదు. బీఏ సెకండియర్ అమ్మాయి మీ ముందు కూర్చుని ఇంట్లో జరుగుతున్నదంతా చెప్పిందనుకోండి, మర్నాడు మీరు ఆ అమ్మాయికి ఇంటర్నల్స్‌లో మార్కులు వేయాలి, అటెండెన్స్ తగ్గితే పేరు రాసి పంపాలి. మీరెంత న్యాయంగా వేసినా ఆ అమ్మాయికి అనుమానం ఉంటుంది, ఈ మేడమ్‌కి అన్నీ తెలుసు అని క్లాసులో తల ఎత్తదు. చాలామంది అసలు మీ గదికే రారు. వాళ్లు రాకపోతే మేనేజ్‌మెంట్ ఏమనుకుంటుందంటే మా పిల్లలకి సమస్యలే లేవని.

కాబట్టి చేరేముందే అడగండి, నా క్లాసు స్టూడెంట్ వస్తే ఎవరి దగ్గరికి పంపాలి అని. వేరే కౌన్సెలర్ ఉన్నారా, బయట ఎవరితోనైనా ఒప్పందం ఉందా? ఆ ప్రశ్నకి వాళ్లు చెప్పే జవాబును బట్టే సగం అర్థమైపోతుంది.

తర్వాత గది చూపించమనండి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. నేను మొదట చేరిన చోట కౌన్సెలింగ్ గది డీన్ ఆఫీసు పక్కనే, అద్దాల తలుపు, బయట బెంచీ మీద ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లు. బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టారు, వచ్చినవాళ్లు పేరు, రోల్ నంబరు, బ్రాంచి, "సమస్య" అని నాలుగు గళ్లు నింపి సంతకం చేయాలి. ముందు వచ్చినవాడు రాసింది వెనక వచ్చినవాడు చదువుతాడు. ఆ గడిలో అందరూ తలనొప్పి అనే రాసేవాళ్లు. రిజిస్టరు తీసేసి నోట్స్ నా దగ్గర తాళం వేసి పెట్టుకుని, నెలాఖరుకి ఎంతమంది వచ్చారు, ఏ రకం ఇబ్బందులు అని పేర్లు లేకుండా లెక్క మాత్రం ఇస్తానన్నాను. ఒప్పించడానికి టైమ్ పట్టింది. గది మారింది, అద్దానికి కాగితం అతికించాం, అప్పుడు మొదలయ్యాయి అసలు మాటలు. ఇప్పటికీ చాలామంది నిద్ర పట్టట్లేదనో, చదివింది గుర్తుండట్లేదనో మొదలుపెట్టి, లేచి తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి "మేడమ్, ఇంకోటి..." అంటారు. ఆ ఇంకోటి కోసమే వచ్చి ఉంటారు. అందుకే వెంట వెంటనే అపాయింట్‌మెంట్లు ఇవ్వను.

మొదటిసారి కూర్చున్నప్పుడే హద్దులు చెప్పేయాలి: ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలిగిన వాళ్లకి చెప్పాల్సి వస్తుంది, ఆ మాట కూడా ముందు మీకు చెప్పాకే చెబుతాను అని. వార్డెన్ ఫోన్ చేస్తారు, హెచ్‌ఓడీ "ఆ కుర్రాడు ఏం చెప్పాడు" అని నడవలో ఆపి అడుగుతారు, తల్లిదండ్రులు ఊరి నుంచి బస్సెక్కి వచ్చేస్తారు. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, భయంతో అడుగుతారు. అయినా పద్దెనిమిది దాటిన మనిషి చెప్పుకున్న మాట అతని అనుమతి లేకుండా అమ్మానాన్నలకైనా ఇవ్వకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ గోప్యతను హక్కుగానే రాసింది.

ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమో అని సందేహం వస్తే సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని స్టాఫ్‌లో చాలామంది అనుకుంటారు, అది తప్పు, అడిగితే వాళ్లకి చెప్పుకునే దారి దొరుకుతుంది. అడిగాక ఏం చేయాలో మాత్రం ముందే రాసి ఉండాలి: రాత్రి ఎవరు తోడుంటారు, ఏ సైకియాట్రిస్టుకి ఫోన్ చేస్తాం, బండి ఎవరిది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, ఆ నంబరు ప్రతి హాస్టల్ ఫ్లోర్‌లో ఉండాలి. కానీ నంబరు అతికించి చేతులు దులుపుకోవడం కౌన్సెలింగ్ కాదు.

ఇక మీ అసలు భయం గురించి. మీరు ఒంటరిగా ఎవరికీ కౌన్సెలింగ్ చేయలేదన్నారు. మీకు ఆ భయం ఉండటమే మంచిది, ఇంటర్వ్యూ చేసినవాళ్లకి లేకపోవడమే నాకు భయంగా ఉంది. డ్రైవింగ్ పుస్తకం చదివి ఘాట్ రోడ్డు ఎక్కరు కదా. ఎమ్మెస్సీ మార్కులు ఈ పనికి చాలవు, మీ కేసులు విని తప్పొప్పులు చెప్పే సీనియర్ ఉండాలి. యూనివర్సిటీ ఇవ్వకపోతే బయట క్లినికల్ సైకాలజిస్టుతో మీరే నెలకి రెండుసార్లయినా మాట్లాడి, ఆ ఖర్చు వాళ్లనే పెట్టుకోమనండి. అడగడానికి ఇది మంచి సమయం. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరిని పెట్టుకోవాలని, టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ అందరికీ ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలని. మీ పోస్టు పుట్టిందే బహుశా అందుకు. కాగితం మీద పేరు చూపించడానికి మిమ్మల్ని తీసుకుంటున్నారా, పని చేయించడానికా అన్నది మీరు కనుక్కోవాలి. పని చేయించడానికే అయితే తప్పకుండా చేరండి, ఈ పనిలో మనుషులు కావాలి, మన భాషలో వినగలిగేవాళ్లు మరీ కావాలి.

ఇగ్నో_బ్యాచ్

మధ్యలో వస్తున్నా, క్షమించండి. నాది దూరవిద్యలో ఎమ్ఏ సైకాలజీ. మా తమ్ముడు కూడా అలాగే చేద్దామనుకుంటున్నాడు, కుదురుతుందా?

నాలుగో_బ్లాక్_గది

2025 జులై, ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కొత్త అడ్మిషన్లు తీసుకోవద్దని యూజీసీ ఆపేసింది, కాబట్టి తమ్ముణ్ణి రెగ్యులర్‌లో చేరమనండి. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు, ఆ రిజిస్టర్‌లో పేరు, రెండూ ఉండాల్సిందే. ఇన్నాళ్లూ రెండేళ్ల ఎంఫిల్ ఆ దారి, దానిలో చేర్చుకోవడానికి యూజీసీ ఇచ్చిన గడువు 2025–26 వరకే. అందుకని ఏ కాలేజీలో అయినా డబ్బు కట్టేముందు ఆర్‌సీఐ జాబితాలో ఆ కోర్సు, ఆ సంవత్సరం ఉన్నాయో లేవో చూసుకోండి. ఏజెంట్ల మాట వినొద్దు.

బెజవాడ_సైకాలజీ

మేడమ్, మాస్టారు గారూ, చాలా థాంక్స్. ఇవాళ ఫోన్ చేసి మాట్లాడాను. నా క్లాసు పిల్లల్ని ఎక్కడికి పంపాలి అంటే హెచ్‌ఆర్ ఆవిడకి అర్థం కాలేదు, స్టూడెంట్ అఫైర్స్ డీన్‌కి కలిపారు. ఆయన ఓపిగ్గా విన్నారు. బీఏ క్లాసులు తీసేసి బీటెక్ ఎలక్టివ్ ఒక్కటే ఇస్తే, ఆ సెక్షన్ వాళ్లని బయటి సైకియాట్రిస్టు దగ్గరికి పంపిద్దాం, సోమవారం వచ్చి గది చూడండి అన్నారు. గంటలు 6కి తగ్గుతాయి. కానీ అలా అయితే నా టీచింగ్ అనుభవం లెక్కలోకి వస్తుందా?

పాఠాల_మాస్టారు

మంచి మాటే అన్నారు ఆయన. అనుభవం విషయం సోమవారమే తేల్చుకోండి. నెట్ రాకముందు చేసిన టీచింగ్‌ని సెలక్షన్లలో లెక్కలోకి తీసుకోవడం కష్టం, అందుకే గంటలు తగ్గినందుకు బాధపడొద్దు, మిగిలిన టైమ్ స్టాటిస్టిక్స్‌కి పెట్టండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో హోదా, వారానికి క్లాసు గంటలు, కౌన్సెలింగ్ గంటలు విడివిడిగా రాయించుకోండి, "మేనేజ్‌మెంట్ అప్పగించే ఇతర పనులు" అనే లైను ఉంటే అందులో అడ్మిషన్ల క్యాంపెయిన్ రాదని కూడా అడగండి. వేసవిలో ఊరూరా తిప్పుతారు, అప్పుడు మీ గది ఖాళీగా ఉంటుంది, సప్లిమెంటరీలు రాసేవాళ్లు వచ్చేదీ అప్పుడే.