"కని కల్ల నిజము": ఆ "కని" చూడటమేనా?

లీడ్స్‌కోడలు: ఇక్కడ సివిల్ కోర్టుల్లో ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్తుంటా. మొన్న ఒక పెద్దావిడకి హియర్‌సే (తను చూసింది కాక, ఇంకెవరో అన్నారని చెప్పే సాక్ష్యం) అంటే ఏంటో చెప్పాల్సొచ్చి "వినికిడి సాక్ష్యం" అనేశాను, ఆవిడేమో "నాకు వినికిడి బానే ఉందమ్మా" అంది. అప్పట్నుంచి సుమతీ శతకంలో "వినదగు నెవ్వరు చెప్పిన" పద్యం బుర్రలో తిరుగుతోంది, మూడోపాదం "కని కల్ల నిజము" దగ్గర ఆగిపోతున్నా. కని వేరే మాటా, కనికల్ల అని కలిపి చదవాలా? పన్లోపని ఆ హియర్‌సేకి మంచి తెలుగు కూడా చెప్పండి.

పాతకాగితం: విడిగానే అమ్మా. కని అంటే కళ్ళారా చూసి. విన్నది చాలదు, చూసినవాడు రావాలని. 1603లో ఇంగ్లండులో రాజద్రోహం విచారణలో వాల్టర్ రాలీ మొత్తుకుంది అదేగా, తన మీద కోబమ్ ఇచ్చిన వాంగ్మూలం కాగితం మీద చదవడం కాదు, మనిషిని నా ఎదుటికి తెండి అని. తేలేదు.

కందంపిచ్చి: మాస్టారూ, ప్రాస చూడండి. వినదగు, విని, కని, మనుజు. న-కారం కోసం పడ్డ "కని" మీద ఇంత బరువు పెడితే ఎలా? పైగా కనుక్కో అంటాం, కళ్ళతోనే కనుక్కుంటామా? తెలుసుకుని అని అర్థం, అంతే.

పాతకాగితం: ప్రాస కోసం పడిందంటే బద్దెన ఒప్పుకోడు.

ప్లీడరుగారబ్బాయి: అసలు మొదటి రెండు పాదాలు వదిలేశారేంటండీ. ఇంగ్లండ్ 1995 సివిల్ ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 1 ఏమంటుంది, హియర్‌సే అన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని తోసెయ్యకూడదు. అంటే వినదగు నెవ్వరు చెప్పిన! సెక్షన్ 4లో బరువు తూచడం: అసలు అన్నవాణ్ణే పిలిపించే వీలుందా, జరిగినప్పుడే అన్నాడా, ఎన్ని నోళ్ళు మారింది, దాచే అవసరం ఎవరికైనా ఉందా. అదీ వివరింపదగున్. క్రిమినల్ కేసులకి ఇది వర్తించదు, దానికి 2003 చట్టం వేరే ఉంది.

కందంపిచ్చి: వివరించడం అంటే విడమరిచి చెప్పడం కదా, తూచడం ఎక్కణ్ణుంచొచ్చింది?

ప్లీడరుగారబ్బాయి: విని, వేగపడక, ఎవరికి విడమరుస్తాడండీ? తనకి తనే విడదీసి చూసుకోవాలి. ఇంకోటి, 1956లో మలయా నుంచి ప్రీవీ కౌన్సిల్‌కి (అప్పట్లో వలసలకి లండన్‌లో ఆఖరి అప్పీలు కోర్టు) వెళ్ళిన సుబ్రమణియం కేసు ఉంది. టెర్రరిస్టులు నన్ను బెదిరించారు అని ముద్దాయి అంటే కింది కోర్టు ఆ మాటల్ని హియర్‌సే అని చెప్పనివ్వలేదు. బెదిరింపు నిజమా కాదా కాదు, అలా అన్నారా లేదా అన్నదే కావాలి, కాబట్టి వినాల్సిందే అన్నారు పైన, శిక్ష కొట్టేశారు. అక్కడ మాస్టారి "కని"తో పనే లేదు.

పాతకాగితం: సభ, సాక్ష్యం అంటే తిక్కన దగ్గరికి రావాలి బాబూ. ఉద్యోగపర్వంలో "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అంటాడు కృష్ణుడు. చూసి నోరు మూసుకున్నవాళ్ళ సంగతి అది. ఆ "దక్షులు" అన్న మాట ఉంది చూశారూ...

లీడ్స్‌కోడలు: అయ్యో, తిక్కన్న సరే, ఆవిడకి ఏమని చెప్పను? కర్ణాకర్ణి అంటే?

కందంపిచ్చి: మళ్ళీ చెవులే అనుకుంటుందమ్మా. "ఎవరో అనగా విన్నది" అనండి, చాలు. మా తాతగారి పుస్తకంలో మాత్రం కనికల్ల అని కలిపే ఉంది, రాత్రికి ఫొటో పెడతా.

పాతకాగితం: అది అచ్చుతప్పు.