చర్చ: లైనక్స్‌లో యూఎస్‌బీ మైక్రోస్కోప్, చీజ్‌లో నల్ల తెర

సైన్స్‌టీచర్_వరంగల్
ఉబుంటు 24.04. "1000ఎక్స్" అని అమ్మే పెన్ను మోడల్. ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి గానీ చీజ్ (కెమెరా బొమ్మ చూపే యాప్) తెరిస్తే అంతా నలుపే. బొమ్మ రావాలి, ఉల్లిపొర కణాలు కొలవాలి, దాని మీదున్న స్నాప్ బటన్ పనిచేయాలి. ఎలాగండీ?

బోర్డురిపేర్
ఎల్‌ఈడీ వెలిగిందంటే కరెంటు వచ్చిందనే, డేటా వచ్చిందని కాదు. ముందు కేబుల్ మార్చండి. ఛార్జింగ్ కోసమే చేసిన కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. టైప్-సీ సాకెట్ ఉన్న చవక మోడళ్లది ఇంకో పేచీ: లోపల వేయాల్సిన 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు ఎగ్గొడతారు, దాంతో రెండువైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో అసలు వెలగనే వెలగదు. టైప్-ఏ నుంచి టైప్-సీ కేబుల్ పెడితే అదే ముక్క హాయిగా నడుస్తుంది.

పాతకెర్నల్
కేబుల్ దాకా ఎందుకు? ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొడితే పేరు కనిపిస్తోందా లేదా, అది చెప్పండి. డ్రైవర్ వెతుక్కోమనే వాళ్ల మాట వినకండి, యూవీసీవీడియో అనే యూఎస్‌బీ కెమెరా డ్రైవర్ 2008లో 2.6.26 వెర్షన్‌తోనే లైనక్స్ కెర్నల్‌లోకి వచ్చేసింది. 4.16 నుంచి ఒక్కో కెమెరాకి మామూలుగా రెండు నోడ్‌లు (సిస్టమ్ దానికి పెట్టే పరికరం పేర్లు): మొదటిదాంట్లో బొమ్మ, రెండోదాంట్లో మెటాడేటా, అంటే ఫ్రేముల వివరాలు. ల్యాప్‌టాప్ సొంత కెమెరా వీడియో0, వీడియో1 పట్టుకుంటే మీది వీడియో2. చీజ్‌లో నలుపు అనేవాళ్లలో చాలామంది చూస్తున్నది మూత వేసిన ల్యాప్‌టాప్ కెమెరానే. వీ4ఎల్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, అందులోని వీ4ఎల్2-సీటీఎల్ కమాండ్‌కి లిస్ట్-డివైసెస్ ఇచ్చి ఏ కెమెరాది ఏ నోడో చూడండి. పర్మిషన్ ఎర్రర్ వస్తే మీ యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఇవన్నీ ఇక్కడ ఎన్నిసార్లు రాయాలో!

లెన్స్‌పిచ్చి
1000ఎక్స్ అన్న మాట మొదట మర్చిపోండి మాస్టారూ. 14 అంగుళాల తెర మీద ఒక ఎక్స్, ప్రొజెక్టర్ మీద ఇంకో ఎక్స్. సెన్సార్ 2 మెగాపిక్సెల్ అయితే డబ్బా మీద 8 అని రాసినా ఉన్నది 2నే, మిగతాది ఊహించి నింపింది.

బోర్డురిపేర్
ఎక్స్ గొడవ పక్కన పెట్టండి, వైయూవైవీ (కుదించని వీడియో ఫార్మాట్) లోంచి బయటికి రండి. పిక్సెల్‌కి 2 బైట్లు. 1280×720 ఫ్రేము 1.84 మెగాబైట్లు, సెకనుకి 30 ఫ్రేములంటే 55 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0లో కెమెరాకి దక్కేది సెకనుకి గరిష్ఠంగా 24 మెగాబైట్ల చిల్లర. అందుకే 640×480లో సాఫీగా నడిచి, పెంచగానే ఈడుస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ప్లే (వీడియో చూపే కమాండ్) కి ఇన్‌పుట్ ఫార్మాట్ ఎంజేపెగ్ (కుదించిన వీడియో), సైజు 1280×720, బొమ్మ ఆలస్యం తగ్గడానికి నోబఫర్ ఫ్లాగ్ ఇవ్వండి. 0402 సైజు బుల్లి రెసిస్టర్ అతికేటప్పుడు చెయ్యి ముందు, బొమ్మ వెనక అయితే బోర్డు మీది రాగి ప్యాడ్ లేచిపోతుంది.

లెన్స్‌పిచ్చి
కొలతకి ఎంజేపెగ్గా? అంచుల మీద 8×8 గడులు పడతాయి, కణం గోడ ఎక్కడుందో ఎవడికి తెలుసు? 1600×1200 వైయూవైవీ, సెకనుకి 5 ఫ్రేములు. 19.2 మెగాబైట్లే, పడుతుంది.

బోర్డురిపేర్
5 ఫ్రేములతో సోల్డరింగ్ చేసి చూపించండి సార్.

లెన్స్‌పిచ్చి
ఆయన అడిగింది ఉల్లిపొర. సోల్డరింగ్ తెచ్చింది మీరు.

నీటిబొట్టు
ఒకే హబ్‌లో రెండు మైక్రోస్కోప్‌లు పెడితే రెండోది "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోంది. డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉంది. యూవీసీవీడియోకి క్విర్క్స్=128 (బ్యాండ్‌విడ్త్ లెక్క సరిచేసే సెట్టింగ్) ఇచ్చి లోడ్ చేసినా అదే పాట.

పాతకెర్నల్
డిస్క్ కాదు బాబూ, బ్యాండ్‌విడ్త్. మీది ఎంజేపెగ్‌లో నడుస్తోందా? 128 కంప్రెస్ చేయని ఫార్మాట్లకే పనిచేస్తుంది. సోర్సు చదవకుండా ఆ నంబరు అందరికీ పంచిపెట్టేవాళ్లని అనాలి. రెండోదాన్ని వేరే కంట్రోలర్ ఉన్న పోర్టుకి మార్చండి, ఎల్‌ఎస్‌యూఎస్‌బీకి టీ ఆప్షన్ ఇస్తే ఏది ఏ కంట్రోలర్ కిందుందో చెట్టులా కనిపిస్తుంది. రెండింటి సీరియల్ నంబరూ ఒకటే అయితే సీరియల్‌తో కట్టే బై-ఐడీ పేర్లు నమ్మకండి, పోర్టుని బట్టి పెట్టే బై-పాత్ పేర్లు వాడండి.

నీటిబొట్టు
పోర్టు మార్చాను, రెండూ వస్తున్నాయి. ట్యూబ్‌లైట్ కింద చారలు మాత్రం పాకుతున్నాయి.

పాతకెర్నల్
వీ4ఎల్2-సీటీఎల్‌లో పవర్_లైన్_ఫ్రీక్వెన్సీ సెట్టింగ్ 2లో ఉండుంటుంది, అంటే 60 హెర్ట్జ్. మన కరెంటు 50, కాబట్టి 1 పెట్టండి. వెలుతురు తగ్గినప్పుడు ఫ్రేములు పడిపోతే ఎక్స్‌పోజర్_డైనమిక్_ఫ్రేమ్‌రేట్ 0 చేయండి. పాత కెర్నల్‌లో దాని పేరు ఎక్స్‌పోజర్_ఆటో_ప్రయారిటీ.

సైన్స్‌టీచర్_వరంగల్
వీడియో2లో బొమ్మ వచ్చింది! కొలత ఎలా? బటన్?

లెన్స్‌పిచ్చి
స్టేజ్ మైక్రోమీటర్ స్లైడ్ కొనండి: 1 మిల్లీమీటరులో 100 గీతలు, గీతకీ గీతకీ 10 మైక్రాన్లు. దాని ఫొటో తీసి ఇమేజ్‌జే (ఫొటోల్లో కొలతలు తీసే సాఫ్ట్‌వేర్) లో 50 గీతల మేర లైను గీసి, సెట్ స్కేల్‌లో 500 మైక్రాన్లు ఇవ్వండి. ఒక్క గడి మీద గీస్తే తప్పు పెద్దదవుతుంది. ఆ తర్వాత ఫోకస్ చక్రం ముట్టుకుంటే స్కేలు చెల్లదు. వీటిలో ఫోకస్ తిప్పితే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది కూడా మారుతుంది, కాబట్టి స్టాండు ఎత్తు సవరించి ఫోకస్ చేయండి. రిజల్యూషన్ మార్చినా మళ్లీ మొదటికే.

బోర్డురిపేర్
బటన్‌కి ఈవీటెస్ట్ (నొక్కిన బటన్ల పేర్లు చూపే కమాండ్) నడిపి, మైక్రోస్కోప్ పేరు ఎంచుకుని నొక్కండి. కీ_కెమెరా అని పడితే షార్ట్‌కట్ కట్టుకోవచ్చు. పడకపోతే వదిలేయండి. పడినా వాడకండి, నొక్కగానే గొట్టం కదిలి ఫొటో అలుక్కుపోతుంది.

లెన్స్‌పిచ్చి
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను.