‘ఎట్ క్రాస్ పర్పసెస్’ అంటే అపార్థమా, అడ్డుపడే ఉద్దేశాలా?

ప్రశ్న:
ఒక నిఘంటువులో ఒకరి మాట ఒకరికి అందకపోవడం అని ఉంది. ఇంకోదాంట్లో ఉద్దేశాలు ఒకదానికొకటి అడ్డుపడటం అని ఉంది. తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చెప్పాల. ఏది సరి? కొట్లాడుకునేవాళ్ళకూ ఇదే వాడొచ్చునా?

జవాబు 1:
రెండూ సరే సార్. పక్కనుండే క్రియను చూడండి. ‘టాకింగ్’ ఉంటే మొదటిది, ‘వర్కింగ్’ ఉంటే రెండోది. మొదటిదానికి మన లాడ్జి కౌంటరు చాలు:

“పైన రూము దొరుకుతుందా?”
“ఉంది సార్, మూడో అంతస్తు.”
“ఆడ్నించి గుడికి నడిచి పోవచ్చు గదా?”
“లేదు సార్, బస్సెక్కాల.”

ఈయన అడిగేది తిరుమలలో రూము, ఆయన చెప్పేది మేడమీద రూము. కోపం లేదు, వినికిడి తప్పూ లేదు. ఎవరి ‘పైన’ వాళ్ళది. ‘దే వర్ టాకింగ్ ఎట్ క్రాస్ పర్పసెస్’ అంటే ఇదే. ఒక్కరే తప్పుగా అర్థం చేసుకుంటే మాత్రం ‘హీ గాట్ ద రాంగ్ ఎండ్ ఆఫ్ ద స్టిక్’ అనాల.

17వ శతాబ్దం ఇంగ్లండులో ఇదే పేరుతో ఒక ఆట ఉండేది. ఒకరి ప్రశ్నకు వేరే ప్రశ్న తాలూకు జవాబు జతచేసి చదివేవాళ్ళు. క్లాసులో చీటీలతో ఆడించండి, అర్థం మరిచిపోరు.

జవాబు 2:
రెండో అర్థానికి మన సామెతే ఉంది: ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు. మామిడి తోటలో పూత కోసం తమ్ముడు రెండు నెలలు ముందే నీళ్ళు ఆపుతాడు. అవే చెట్ల నడుమ టమాటా వేసిన అన్న రోజూ డ్రిప్పు వదులుతాడు. చెట్టుకు బెట్ట తగలదు, పూతకు బదులు చిగురొస్తుంది. ఇద్దరికీ పగ లేదు, ఒకరి పని ఇంకొకరి పనిని చెడగొడుతోంది, అంతే. ‘వర్కింగ్ ఎట్ క్రాస్ పర్పసెస్’.

జవాబు 3:
కొట్లాటకు ఇది వాడకండి. తోతాపురి ధర మీద రైతులు, గుజ్జు ఫ్యాక్టరీలవాళ్ళు పట్టు విడవకుండా నిలబడితే ‘ఎట్ లాగర్‌హెడ్స్’. అంత ముదరని భేదాభిప్రాయమైతే ‘ఎట్ ఆడ్స్’. టైమో చోటో అటూఇటూ అయితే ‘వి గాట్ అవర్ వైర్స్ క్రాస్డ్’; టెలిఫోన్ తీగలు కలిసిపోవడం నుంచి వచ్చిన మాట అది.

పిల్లోళ్ళు ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. ‘పర్పస్’ అని ఏకవచనం రాస్తారు, బహువచనమే రావాల. ‘ఎట్’ బదులు ‘ఇన్’ పెడతారు. ఉచ్చారణ కూడా ‘పర్పోజ్’ కాదు, ‘పర్పస్’.