గడ్డం గీయిస్తే ఉగ్రవాదం తగ్గుతుందా? తజికిస్తాన్ మీద చర్చ

పర్లాకిమిడి మాస్టారు:
మా మేనకోడలు తజికిస్తాన్ రాజధాని దుషాన్‌బేలో ఎంబీబీఎస్ చదువుతోంది. అక్కడ ఈద్ రోజు పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు, చిల్లర అడుగుతారట. ఈద్‌గర్దక్ అంటారు. దసరాకి మా బడి పిల్లలు విల్లంబులు పట్టుకుని పప్పుబెల్లాలకు తిరిగినట్టే. 2024లో చట్టం చేసి దాన్ని ఆపేశారు. అదే చట్టంతో ‘పరాయి దుస్తులు’ అని హిజాబ్‌నీ నిషేధించారు. అంతకుముందే మగవాళ్ళకి బలవంతంగా గడ్డాలు గీయించారు. 18 ఏళ్ళు నిండనివాళ్ళు మసీదుకి వెళ్ళకూడదని 2011 నుంచే ఉంది. దేశంలో నూటికి తొంభైమందికి పైగా ముస్లింలే! ఉగ్రవాదాన్ని ఆపడానికేనంటుంది ప్రభుత్వం. ఆగిందా? 2024 మార్చిలో మాస్కో దగ్గర క్రోకస్ సిటీ హాల్‌లో 140 మందికి పైగా చనిపోయారు. కాల్చారని పట్టుకున్న నలుగురూ తజికులే. ఈ అణచివేతే దానికి ఎరువు వేస్తోందని నా అభిప్రాయం.

రాయగడ రైల్వే:
ఒప్పుకోను మాస్టారూ. గుల్మురాద్ ఖాలిమోవ్ సంగతేమిటి? తజిక్ ప్రత్యేక పోలీసు దళం కమాండర్, అమెరికాలో శిక్షణ పొందినవాడు. 2015లో ఐసిస్‌లో చేరాడు. అతన్నెవరు అణిచారు? అణిచే చెయ్యే అతనిది. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో నియంత బెన్ అలీ 2011లో గద్దె దిగి స్వేచ్ఛ వచ్చాకే వేలమంది కుర్రాళ్ళు సిరియా దారి పట్టారు. స్వేచ్ఛ ఇస్తే అంతా సర్దుకుంటుందనడం మన ఆశ, అంతే.

బరంపురం భాయ్:
మీ ఇద్దరి మాటల్లోనూ ముస్లిం అంటే ఎప్పుడు పేలతాడో లెక్కగట్టాల్సిన వస్తువైపోయాడు. బాధగా ఉంది. నాకు నమాజు అబ్బా నేర్పారు. నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూలో మడమ తడవకపోతే మళ్ళీ మొదటినుంచీ చేయించేవారు. నాకు మతమంటే ముందు ఆ చల్లటి నీళ్ళు, ఆయన చెయ్యి.
మొన్న మా అబ్బాయి గడ్డం పెంచాడు. ఇంటర్వ్యూ ఉంది, ఎందుకొచ్చిన టెన్షన్, తీసేయమన్నాను. ‘పెంచాలని పెద్దగా ఏం లేదు అబ్బా, కానీ ఇప్పుడు మాత్రం తియ్యను’ అన్నాడు. వాడు ఎవరి జోలికీ పోడు. కానీ ఆ రోజు నుంచి నాతో మాట తగ్గించాడు.

పర్లాకిమిడి మాస్టారు:
భాయ్, మీ మాట నాకు తగిలింది. క్షమించండి.
రైల్వే గారూ, ఖాలిమోవ్ విషయంలో మీరన్నది కొంత నిజం. నమాజు, హిజాబ్ మీద ఆంక్షలున్నాయని వీడియోలో కారణం చెప్పాడు గానీ అది సాకే కావచ్చు. ట్యునీషియా మాత్రం నా వైపే సాక్ష్యం. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక అధ్యక్షుడు బుర్గీబా అక్కడి పాత ఇస్లామిక్ విద్యాపీఠం జైతూనా చదువుల నడ్డి విరిచాడు. బెన్ అలీ 23 ఏళ్ళు మసీదుల మీద నిఘా పెట్టాడు. తలుపు తెరిచేసరికి ‘ఒరే, కితాబులో ఇలా లేదురా’ అని గద్దించడానికి జనం నమ్మే పెద్దలు తగినంతమంది లేరు. చాలా మసీదుల్లో సలఫీలు, అంటే ఛాందసవాదులు, దూరిపోయారు.
తజికిస్తాన్‌లోనూ అంతే. 1992 నుంచి అయిదేళ్ళు అంతర్యుద్ధం. 1997 ఒప్పందంతో ఇస్లామిక్ పార్టీ పార్లమెంటులోకి వచ్చింది. కోపం ఉన్నవాడికి ఓటు వేసే చోటు దొరికింది. 2015లో దాన్నీ నిషేధించి, ఉగ్రవాద సంస్థ అన్నారు. ఇప్పుడు మసీదు గడప తొక్కకుండా పెరిగిన కుర్రాడు కూలికి రష్యా వెళ్తాడు. అక్కడ వాడికి దీన్ (మతం) గురించి మొదటిసారి చెప్పేది ఫోన్‌లో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు.
గుణుపురం అవతల కొండ ఊళ్ళో పనిచేసినప్పుడు చూశాను. రాత్రి వచ్చిన నక్సలైట్లకి అన్నం పెట్టాడని ఒకాయన్ని పోలీసులు నాలుగు రోజులు ఉంచేసుకున్నారు. ఆయన కొడుకు నా క్లాసే. తర్వాత బడికి రాలేదు.

రాయగడ రైల్వే:
పెద్దల సంగతి సరే. పారిస్‌లో 2015లో 130 మందిని చంపినవాళ్ళలో చాలామంది ఫ్రాన్స్, బెల్జియంలో పెరిగినవాళ్ళే. వాళ్ళ మసీదులకెవరూ తాళం వేయలేదు. దీనికి జవాబు చెప్పేవరకూ నేను మారను.

పర్లాకిమిడి మాస్టారు:
దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అణచివేత ఒక్కటే కారణమని నేననను.

బరంపురం భాయ్:
మాస్టారూ, ఈసారి ఈద్‌కి పిల్లలు వచ్చారేమో మీ మేనకోడల్ని అడగండి.

పర్లాకిమిడి మాస్టారు:
అడిగాను. రాలేదట. ఇంటావిడ మాత్రం గిన్నె నిండా మిఠాయిలు పోసి, సాయంత్రం దాకా తలుపు దగ్గరే పెట్టుకుని కూర్చుందట.