స్లైడ్లు మూసి ఉన్నా వాడుకోగలిగే ట్రావెల్ ట్రైలర్ ప్లాన్ ఏది?

ఇర్వింగ్‌వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. డల్లాస్ దగ్గర్నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్లిరావడానికి ట్రావెల్ ట్రైలర్ (ట్రక్ వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) చూస్తున్నాం. లాగడానికి ఫోర్డ్ పికప్ ట్రక్ ఎఫ్‌-150 ఉంది. వచ్చేది మేమిద్దరం, ఆరేళ్ల పాప, వేసవికి గుంటూరు నుంచి వచ్చే అమ్మానాన్న. దారిలో రాత్రుళ్లు ట్రక్ స్టాపులోనో, మేనేజర్ సరేనంటే వాల్‌మార్ట్ పార్కింగులోనో ఆగుతాం. అక్కడ స్లైడ్ (ఆగాక గోడలోంచి బయటికి జరిపి లోపల జాగా పెంచుకునే భాగం) తీయడం మర్యాద కాదు, ఒక్కోచోట జాగా కూడా ఉండదు. ఆగినచోట అమ్మ బాత్రూంకి వెళ్లగలగాలి, ఫ్రిజ్‌లో పెరుగన్నం గిన్నె చేతికందాలి, రాత్రి ఐదుగురం పడుకోవాలి. ఇవన్నీ స్లైడ్ మూసి ఉండగానే జరగాలి.

మూడు ప్లాన్లు చూశాం.
ఎ) ముందు క్వీన్ బెడ్, వెనక బంకులు (ఒకదానిమీద ఒకటి ఉండే పడకలు), బంకుల పక్క మూలలో బాత్రూం. మధ్యలో డైనెట్ (తినే బల్ల, దానికి అటూ ఇటూ సీట్లు), సోఫా కలిపి ఒక పెద్ద స్లైడ్, దానికి ఎదురుగా కిచెన్.
బి) వెనక హాలు, ఎదురెదురుగా రెండు స్లైడ్లు, మధ్యలో ఐలాండ్ (విడిగా ఉండే కిచెన్ గట్టు).
సి) వెనక వెడల్పంతా బాత్రూం, ముందు క్వీన్ బెడ్, డైనెట్‌కి ఒక చిన్న స్లైడ్.

వీటిలో ఏది నయం? వెళ్లి చూసేటప్పుడు ఏమేం కొలవాలి?

టేపుకొలత:

బ్రోషర్‌లో ఫ్లోర్ ప్లాన్ బొమ్మ స్లైడ్లు తెరిచి గీస్తారండీ. దాన్ని చూసి మూసినప్పుడు ఎలా ఉంటుందో తేల్చుకోలేం. డీలర్ దగ్గర అన్ని స్లైడ్లూ లోపలికి వేయించి, కిందికి దిగి, తలుపు మూసి, మళ్లీ మీరే తలుపు తీసుకుని ఎక్కండి. "బ్యాటరీ లేదు, ఇప్పుడు కదలదు" అంటే షోర్ పవర్ (బయటి కరెంటు) తగిలించమనండి. అదీ కుదరదంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఇది చూడకుండా మాత్రం సంతకం పెట్టకండి.

ఎక్కాక చూడాల్సిన వరస: బాత్రూం, ఫ్రిజ్, మంచం, సింకు, పొయ్యి. బాత్రూం తలుపు పూర్తిగా తెరుచుకుని, కమోడ్ మీద కూర్చున్నాక కూడా మూసుకోవాలి. ఫ్రిజ్ విషయంలో తలుపు తెరుచుకుందంటే చాలదు. సగం తెరుచుకున్నా చెయ్యి పడుతుంది గానీ, అడుగున కూరగాయల డ్రాయర్, లోపలి అరలో వెడల్పాటి గిన్నె బయటికి రావు. అందుకే ఇంట్లో వాడే గిన్నె ఒకటి వెంట తీసుకెళ్లి పెట్టి, తీసి చూడండి.

లెక్క ఇలా వేయండి. 8 అడుగుల వెడల్పు ట్రైలర్ అంటే బయట 96 అంగుళాలు. గోడలు పోను లోపల 92 దాకా ఉంటుంది. కిచెన్ గట్టుకి 24 పోతుంది. డైనెట్ స్లైడ్ లోపలికి వచ్చాక దాని లోతు 40, 42 ఉంటుంది. మిగిలే నడవా 26, 28 అంగుళాలు. ఒక మనిషి నేరుగా నడుస్తారు, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి తగ్గాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి 24 కంటే తక్కువైతే పక్కకి తిరిగి నడవాల్సొస్తుంది, వద్దు. స్లైడ్ నేలకంటే ఎత్తుగా ఉంటే, మూసినప్పుడు దాని అంచు నడవాలోకి మెట్టులా వస్తుంది. దాని ఎత్తు కూడా కొలవండి, రాత్రి చీకట్లో కాలికి తగిలేది అదే.

'బి' వదిలేయండి. ఎదురెదురు స్లైడ్లు రెండూ లోపలికొస్తే మధ్యలో ఐలాండ్ చుట్టూ జాగా ఉండదు. చాలావాటిలో తలుపు తీసి మొదటి మెట్టు మీదే నిలబడిపోవాలి.

'ఎ'లో తలుపు ఎక్కడుందో చూడండి. ఒక్క తలుపే, అదీ ముందువైపు ఉంటే, బాత్రూంకి వెళ్లాలంటే మూసిన స్లైడ్ పొడవునా నడవాలి. అదే ప్లాన్‌లో బాత్రూంలోకి బయటినుంచి రెండో తలుపు ఉన్న మోడళ్లు దొరుకుతాయి. మీ అవసరానికి అది సరిపోతుంది: ట్రక్ దిగి, రెండు మెట్లెక్కితే బాత్రూమే. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో చూసుకోండి.

నడవా36:

మంచాల గురించి చెప్తాను. క్వీన్ బెడ్ తలవైపు ట్రైలర్ ముందు గోడకి ఆనుకుని, రెండు పక్కలా దిగే జాగా ఉంటే దానికి స్లైడ్ అక్కర్లేదు, ఎప్పుడూ వాడుకోవచ్చు. మంచమే స్లైడ్‌లో ఉంటే మాత్రం చిక్కు. అది మూసుకున్నప్పుడు కాళ్లవైపు ఎదుటి బీరువాకి తగులుతుంది, పక్కనుంచి పాకి ఎక్కాలి. కొన్నింట్లో పరుపు సగానికి మడిస్తే గానీ స్లైడ్ లోపలికే రాదు. ఆర్వీల్లో (ఇలాంటి చక్రాల ఇళ్లలో) క్వీన్ చాలాసార్లు 60 x 74 లేదా 75 అంగుళాలే ఉంటుంది, ఇంట్లో వాడే 80 కాదు. మీ నాన్నగారు పొడగరి అయితే పడుకుని చూడమనండి.

'ఎ'లో పడక ఇలా సర్దుకోవచ్చు: అమ్మానాన్నలకి క్వీన్, పాపకి కింది బంకు, మీ ఇద్దరికీ డైనెట్. డైనెట్ బల్ల కిందికి దించితే పరుపు అవుతుంది, స్లైడ్ మూసి ఉన్నా దాని పెట్టెలోనే పడుతుంది. సోఫా అలా కాదు. వెనక్కి వాలే రకం విప్పితే నడవా మొత్తం మూసుకుపోతుంది, రాత్రి బాత్రూంకి దారి ఉండదు. బంకు మీద ఎంత బరువు మోస్తుందో లేబుల్ అంటించి ఉంటుంది. పెద్దవాళ్లని పడుకోబెట్టే ముందు చదవండి.

'సి'లో బాత్రూం చాలా బాగుంటుంది గానీ, పాపకి వేరే పడక లేదు. ఇద్దరు, ముగ్గురు ఉన్న ఇంటికి నేను అదే చెప్తాను.

ఇర్వింగ్‌వాసి:

చాలా థాంక్సండీ. స్లైడ్ పూర్తిగా కాకుండా ఒక అడుగు తెరిచి పడుకుంటే? అడుగు బయటికొస్తే ఎవరికీ అడ్డం కాదు కదా.

పన్నెండువోల్టులు:

వద్దు. స్లైడ్ చుట్టూ ఉన్న రబ్బరు సీల్ పూర్తిగా లోపల, పూర్తిగా బయట, ఈ రెండు చోట్లే సరిగ్గా అతుక్కుంటుంది. మధ్యలో ఆపితే వాన, దుమ్ము లోపలికొస్తాయి. పైగా ష్వింటెక్ అనే రకం స్లైడ్ యంత్రానికి పక్కకో మోటారు ఉంటుంది. మాటిమాటికీ మధ్యలో ఆపితే రెండు మోటార్లకీ లెక్క తప్పి, ఒక పక్క ముందు, ఒక పక్క వెనక అయి బిగుసుకుంటుంది. బ్యాటరీ డీలాగా ఉన్నా అదే జరుగుతుంది. ఆ మోటార్ల కంట్రోలర్ పెట్టె ఎక్కడుందో డీలర్‌ని చూపించమనండి. స్లైడ్ మూసి ఉండగా చెయ్యి అందని చోట ఉంటే, ఇరుక్కున్న రోజు దాన్ని చేరుకోలేరు. బ్రేకర్ ప్యానెల్, ఫ్యూజులు కూడా అంతే. డైనెట్ సీటు కింద పెట్టి, మూసినప్పుడు మూత తెరుచుకోని ప్లాన్లున్నాయి.

ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది, ఫర్నేస్ (వేడిగాలి ఊదే హీటర్). వేడిగాలి వచ్చే జాలీలు నేలలో ఉంటే, లోపలికొచ్చిన స్లైడ్ వాటిలో కొన్నిటిని కప్పేస్తుంది. గాలి పోయే దారి తగ్గితే ఫర్నేస్ వేడెక్కి, లిమిట్ స్విచ్ మంటని ఆపేస్తుంది. కాసేపటికి మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు, మే నెలలో కూడా రాత్రి బాగా చలి. స్లైడ్ మూసి, నేలమీది జాలీలు ఎన్ని బయట మిగిలాయో చూడండి. గాలి వెనక్కి పీల్చుకునే పెద్ద జాలీ కూడా తెరిచే ఉండాలి. కుదిరితే అక్కడే ఫర్నేస్ వేసి 15 నిమిషాలు ఆడించండి.

చక్రాలఇల్లు:

అసలు స్లైడే లేకపోతే ఈ బాధ లేదు. స్కాంప్, కసీటా లాంటి ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లకి స్లైడ్ ఉండదు. కానీ ఐదుగురికి అవి చాలవు, కాబట్టి మీకు రెండు తలుపుల 'ఎ'నే సరి.

బరువు కూడా చూసుకోండి. ట్రక్ డ్రైవర్ తలుపు చట్రం మీద, మనుషులు, సామాను కలిపి ఎంత దాటకూడదో రాసిన స్టిక్కర్ ఉంటుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్‌కి ట్రైలర్ తగిలించే చోటు) మీద పడుతుంది, అదీ ఆ లెక్కలోకే వస్తుంది. 7,000 పౌండ్ల ట్రైలర్‌కి హిచ్ మీద 850 అనుకోండి, ఐదుగురు మనుషులు 700 అనుకోండి, అప్పుడే 1,550. చాలా ఎఫ్‌-150లకి అక్కడికే దగ్గర పడిపోతుంది. ఇంకా వెనక పెట్టే కూలర్, జనరేటర్ ఉన్నాయి. స్లైడ్ అంటే కొన్ని వందల పౌండ్లు, అందుకే ఒక్క స్లైడ్ ఉన్నదే చూడండి.

టేపుకొలత:

ఇంకో మాట. 'ఎ'లో ఫ్రిజ్ తలుపు మూసిన స్లైడ్‌కి తగులుతుంటే వెంటనే కాదనకండి. చాలా ఆర్వీ ఫ్రిజ్‌లకి కీలు ఎడమ నుంచి కుడికి మార్చుకోవచ్చు. అటు తిప్పితే గిన్నె బయటికొస్తుందేమో కొలిచి, వస్తుందనుకుంటే బండి అప్పగించే ముందే మార్చి ఇవ్వమని ఒప్పంద పత్రంలో రాయించుకోండి.