ప్రెస్‌ను తీసేసి మంచి పని చేశారా?

పాతబార్‌బెల్:
1928 నుంచి 1972 దాకా ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడు లిఫ్టులు: ప్రెస్, స్నాచ్ (బార్‌ను నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి తెచ్చి, తర్వాత కాళ్ల ఊపుతో పైకి నెట్టడం; పొట్టిగా జెర్క్). మ్యూనిక్ ఒలింపిక్స్ అయ్యాక ప్రెస్‌ను ఎత్తేశారు. ప్రెస్ అంటే బార్‌ను భుజాల మీదికి తెచ్చి, మోకాళ్లు వంచకుండా చేతులతో పైకి నెట్టడం. బలమంటే అదీ! తీర్పు చెప్పడం జడ్జీలకు కష్టంగా ఉందని లిఫ్టునే తీసేస్తారా? ఇప్పుడు జెర్క్‌లో ‘ప్రెస్ ఔట్’ (మోచేతులు వంగి మళ్లీ నెట్టారు) అంటూ ఎర్ర లైటు వేసి లిఫ్టు చెల్లదనడం లేదా? అదీ కంటితో చూసి చెప్పే తీర్పే.

లెక్కలమాస్టారు:
మీరు చెప్పింది రూల్ బుక్‌లోని ప్రెస్. 60ల చివరికి జరిగింది వేరు. తుంటిని ముందుకు విసిరి ఆ ఊపుతో బార్‌ను లేపేవారు, నడుమును వెనక్కి విల్లులా వంచి ఛాతీ బలంతో నెట్టేవారు. నమ్మరా? మ్యూనిక్‌లో సూపర్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచిన అలెక్సేయెవ్ ప్రెస్ 235 కిలోలు, జెర్క్ 230. కాళ్ల సాయం ఉన్న లిఫ్టు కన్నా లేని లిఫ్టు ఎక్కువ!

కొత్తలిఫ్టర్:
అప్పటికే గెలిచేశాడేమో మాస్టారూ, జెర్క్‌లో రిస్క్ ఎందుకనుకున్నాడేమో.

లెక్కలమాస్టారు:
సరే, రెండో స్థానంలో వచ్చిన రుడాల్ఫ్ మాంగ్‌ను చూడండి. ప్రెస్ 225, జెర్క్ 215. ఏకంగా 10 కిలోల తేడా. ఇతనూ వదిలేశాడంటారా?

పాతబార్‌బెల్:
వంగినవాళ్లకు ఎర్ర లైటు వేయాల్సింది. వేసే ధైర్యం లేక లిఫ్టును బలి చేశారు. 1964 టోక్యో గుర్తు తెచ్చుకోండి. సోవియట్ లిఫ్టర్ వ్లాసోవ్ ప్రెస్‌లో 197.5 కొట్టి తన దేశం వాడే అయిన జబోటిన్‌స్కీ కన్నా 10 కిలోలు ముందున్నాడు. స్నాచ్‌లో ఆ తేడా సగానికి తగ్గింది. చివరికి జబోటిన్‌స్కీ ఆఖరి జెర్క్‌లో 217.5 ఎత్తి, మొత్తం మీద 572.5తో గెలిచాడు. వ్లాసోవ్‌కు 570. ప్రెస్ లేకపోతే అంత టెన్షన్ ఎక్కడిది? జబోటిన్‌స్కీ 12.5 కిలోల తేడాతో హాయిగా గెలిచేవాడు.

కొత్తలిఫ్టర్:
రెండు లిఫ్టులైతే టెన్షన్ ఉండదా అన్నా? సిడ్నీలో మన మల్లీశ్వరి 110, 130 ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి చూడలేదా? మహిళల ప్రపంచ పోటీలు 1987లో మొదలయ్యాయి. అప్పటికే ప్రెస్ లేదు.

పాతబార్‌బెల్:
చూశాం తమ్ముడూ, కాదనను. కానీ ఇప్పుడు జ్యూరీ దగ్గర వీడియో రీప్లే ఉంది. 1972 నాటి సాకు ఇప్పుడు చెల్లదు.

లెక్కలమాస్టారు:
రీప్లేలో వంగింది కనిపిస్తుంది, నిజమే. ఎంత వంగితే ఫౌల్? ముందు అది చెప్పండి, తర్వాత ప్రెస్‌ను వెనక్కి తెద్దాం.